నిమ్మాకు పసుపెక్కితే ఏ ధాతువు లోపించిందో ఎంజైముల ద్వారా తేల్చుకోవడం ఎలా?

విజయనగరం జిల్లా ఎర్ర గరప నేలల్లో గాని, శ్రీకాకుళం తీరాన ఉద్దానపు ఇసుక నేలల్లో గాని నిమ్మచెట్టు ఆకు పసుపెక్కగానే చాలామంది మందుల దుకాణానికి వెళ్లి, అన్ని సూక్ష్మపోషకాలూ కలిపిన సీసా ఒకటి తెచ్చి పిచికారీ చేస్తారు. ఆ సీసాలో చెట్టుకు కావలసిన ధాతువు తగినంత ఉంటే చెట్టు కోలుకుంటుంది, లేకపోతే కోలుకోదు. ఎటు చూసినా లోపించింది ఏదో మాత్రం తెలియదు కాబట్టి మరుసటి చిగురుకు మళ్లీ అదే సీసా, అదే ఖర్చు. ఆ ఖర్చు పెట్టక ముందు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా చెబుతున్నాను. పెరట్లో ఒక నిమ్మచెట్టో దబ్బచెట్టో ఉన్నవారు ఇందులో సగం పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. మిగిలిన సగానికి డిగ్రీ కళాశాలలో ఉండేపాటి ప్రయోగశాల చాలు. అందువల్ల వృక్షశాస్త్రం, జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు దీనిని తమ ప్రాజెక్టుగా కూడా తీసుకోవచ్చు.

ముందుగా తెలుసుకోవలసినది

ఆకులో ధాతువు ఉండటం వేరు, అది పనిలో ఉండటం వేరు. ఇనుము విషయంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పసుపెక్కిన ఆకును ఎండబెట్టి, పొడిచేసి, మొత్తం ఇనుము ఎంతుందో లెక్కిస్తే పచ్చని ఆకులో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తేలుతుంది. ఆ ఇనుము అక్కరకు రాని రూపంలో ఆకులోనే చిక్కుబడిపోయి, ఎంజైముల దాకా చేరకపోవడమే ఇందుకు కారణం. అటువంటి ఆకును ప్రయోగశాలకు పంపితే ఇనుము సరిపడా ఉందనే నివేదిక వస్తుంది, చెట్టు మాత్రం పసుపుగానే ఉంటుంది. ఎంజైము పనితనాన్ని కొలిస్తే ఈ చిక్కు విడిపోతుంది, ఎందుకంటే ఎంజైము లెక్కలోకి తీసుకునేది తనకు అందిన ఇనుమునే.

ఎంజైములు ప్రొటీన్లు, ఆకులో జరిగే రసాయన చర్యలకు వేగాన్నిచ్చేవి అవే. వాటిలో చాలావాటికి ఏదో ఒక లోహం తోడు లేనిదే పని సాగదు. కాటలేజ్, పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైముల నడిమధ్యన ఇనుము ఉంటుంది. ఎండలో ఉన్న ఆకు కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతూనే ఉంటుంది. దానిని నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడగొట్టి కణాన్ని కాపాడేది కాటలేజ్. పత్రహరితం నిర్మాణంలో ఉన్నది మెగ్నీషియమే గాని ఇనుము కాదు. అయితే పత్రహరితం తయారయ్యే దారిలో ఇనుము అవసరం కనుక, ఇనుము అందని చిగురాకు ఒకవైపు పసుపెక్కుతుంది, మరోవైపు దానిలో కాటలేజ్, పెరాక్సిడేజ్ క్రియాశీలత పడిపోతుంది. జింకు లోపిస్తే కార్బన్ డయాక్సైడును బైకార్బొనేటుగా మార్చే కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్ మందగిస్తుంది, ఆర్‌ఎన్‌ఏను విరగ్గొట్టే రైబోన్యూక్లియేజ్ మాత్రం పెరుగుతుంది; పెరుగుదలకు కావలసిన ఆక్సిన్ అనే హార్మోను కూడా తగ్గి ఆకు చిన్నబోతుంది. రాగి లోపిస్తే ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ పడిపోతుంది, కొమ్మకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ సరిగా ఏర్పడదు. నైట్రేటును నైట్రైటుగా మార్చే నైట్రేట్ రిడక్టేజ్ మాలిబ్డినం లేనిదే లేదు. భాస్వరం తక్కువైనప్పుడు ఆసిడ్ ఫాస్ఫటేజ్ తగ్గడానికి బదులు పెరుగుతుంది.

నిమ్మజాతి ఆకుల్లో ఈ సంబంధాన్ని లోప నిర్ధారణకు వాడవచ్చునని 1960ల్లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త బార్-అకీవా, ఆయన సహచరులు చూపించారు. చూపుకు ఒకేలా ఉండే ఇనుము లోపాన్నీ మాంగనీసు లోపాన్నీ పెరాక్సిడేజ్ ద్వారా వేరు చేయడం వారి పనిలో ముఖ్యమైనది. ఇనుము లోపించిన ఆకులో పెరాక్సిడేజ్ తగ్గుతుంది. మాంగనీసు లోపించిన ఆకులో తగ్గకపోగా తరచు పెరుగుతుంది.

మొదట చెట్టును, నేలను చూడండి

పసుపు ఎక్కడ మొదలైందన్నది మొదటి ప్రశ్న. కొమ్మ చివరి లేత ఆకుల్లో మొదలైతే ఇనుము, జింకు, మాంగనీసు, రాగి వైపు ఆలోచించాలి. ఇవి ముదురాకు నుంచి చిగురుకు సులభంగా కదలవు. కింది ముదురాకుల్లో మొదలైతే నత్రజని, మెగ్నీషియం వైపు చూడాలి. ఇవి కదులుతాయి కనుక చెట్టు ముదురాకు నుంచి తీసి చిగురుకు, కాయకు పెడుతుంది.

లేత ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆకు దాదాపు తెల్లబడేంత పసుపుగా ఉండి, సన్నని ఈనెలు సైతం ఆకుపచ్చ దారపు వలలా తేలి కనిపిస్తే అది ఇనుము లోపానికి గుర్తు. ఆకు పరిమాణం మామూలుగానే ఉండి, ఈనెల వెంట వెడల్పాటి ముదురాకుపచ్చ పట్టీలు, వాటి నడుమ లేతాకుపచ్చ మరకలు ఉంటే మాంగనీసు అని అనుమానించాలి. ఆకులు చిన్నవై, సన్నబడి, మొన తేలి, కణుపుల మధ్య దూరం తగ్గి గుత్తిగా నిలబడి, ఈనెల నడుమ ప్రస్ఫుటమైన పసుపు మచ్చలుంటే జింకు. రాగి లోపం మొదట్లో మోసం చేస్తుంది: ఆకులు పెద్దవిగా, ముదురాకుపచ్చగా ఉండి చెట్టు ఏపుగా ఉన్నట్టే కనిపిస్తుంది, తరువాత లేత కొమ్మలు వంకరగా వాలి, బెరడు కింద బంక బుడిపెలు లేచి, చివర్లు ఎండుతాయి. ముదురాకుల్లో అంచులు, కొన వైపు పసుపెక్కి, తొడిమ దగ్గర మాత్రం తిరగేసిన వి ఆకారంలో ఆకుపచ్చ మిగిలితే మెగ్నీషియం. కాయ బరువున్న కొమ్మల్లోనే ఇది ముందు కనిపిస్తుంది. ఆకు మొత్తం ఒకే తీరుగా వెలిసిపోతే నత్రజని. ముదురాకుల మీద అక్కడక్కడ గుండ్రని పసుపు మచ్చలు పడితే, నేల కూడా ఆమ్ల స్వభావం గలదైతే, మాలిబ్డినం లోపాన్ని మరచిపోకూడదు.

ఒకే చెట్టులో రెండు మూడు లోపాలు కలిసి ఉండటం నిమ్మలో మామూలే, ముఖ్యంగా జింకు, మాంగనీసు జంటగా వస్తాయి. ఆకును కంటితో చూసి ఒకే పేరు ధీమాగా చెప్పేవారిని నేను అంత తేలికగా నమ్మను.

ఇక్కడే బాక్టీరియా వల్ల వచ్చే గ్రీనింగ్ తెగులును వేరుచేసుకోవాలి. ధాతులోపంలో మచ్చలు నడి ఈనెకు రెండు వైపులా ఇంచుమించు ఒకే పోలికలో ఉంటాయి. గ్రీనింగ్‌లో ఒక సగంలో ఉన్న మచ్చ రెండో సగంలో ఉండదు. ఈనెలను కూడా దాటి మచ్చలు గజిబిజిగా పరుచుకుంటాయి, తరచు చెట్టులో ఒక కొమ్మకే పరిమితమై మొదలవుతాయి. అనుమానం వస్తే ఆకును చిన్న గరుకు కాగితంతో గీకి, ఆ కాగితాన్ని కొద్దిపాటి నీటిలో కడిగి, ఆ నీటిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. గ్రీనింగ్ సోకిన ఆకులో పిండిపదార్థం పేరుకుని ఉంటుంది కనుక నీరు నల్లబడుతుంది. మెగ్నీషియం లోపించిన ఆకులోనూ, బెరడు దెబ్బతిన్న కొమ్మ ఆకులోనూ పిండిపదార్థం నిలిచిపోవచ్చు. అందుచేత నల్లబడగానే చెట్టు నరకవద్దు. ఆకును తెగులు నిర్ధారణ చేసే ప్రయోగశాలకు పంపించండి.

ఇక నేల. ఎర్ర గరప నేలల్లో ఇనుముకు కొరత ఉండదు. ఆ ఎరుపే ఇనుము. అటువంటి చోట చిగురు తెల్లబడిందంటే కారణం నేలలో కాక వేరు దగ్గర వెతకాలి: పాదులో నీరు నిలవడం, బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉండటం, ఏటేటా డీఏపీ అనే భాస్వరపు ఎరువు అతిగా వేయడం, పాదులో సున్నమో పొయ్యి బూడిదో కుమ్మరించడం. తీరపు ఇసుకలో గవ్వలు, చిప్పల ముక్కలు కలిసి ఉన్నచోట సున్నం వల్ల నేల క్షారంగా మారి ఇనుము, జింకు, మాంగనీసు మూడూ వేరుకు అందవు. సున్నం లేని ఇసుకలో మెగ్నీషియం, పొటాష్, నత్రజని వానకు కొట్టుకుపోతాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను తరువాత తోటలో రోజుల తరబడి నీరు నిలిస్తే, గాలి అందని వేరు ఇనుమును తీసుకోలేక చిగుళ్లన్నీ పసుపెక్కుతాయి; అప్పుడు మొదటి మందు నీటిని బయటికి పంపే కాలువే.

ఆకులు కోయడం

ఎంజైము పనితనం ఆకు వయసుతో, ఎండతో, వేళతో మారిపోతుంది. లేత ఆకును ముదురాకుతో, నీడలోని ఆకును ఎండలోని ఆకుతో పోల్చితే వచ్చే తేడా లోపానిది కాదు, మీరు కోసిన తీరుది. అందువల్ల ఒకే తోటలో, ఒకే రకానికి చెందిన, ఒకే వయసున్న రెండు చెట్లను ఎంచుకోండి: ఒకటి పసుపెక్కినది, ఒకటి ఆరోగ్యంగా ఉన్నది. రెండింటిలోనూ ఒకే చిగురుకు చెందిన, పూర్తిగా విచ్చుకున్నా ఇంకా గట్టిపడని ఆకులను, కాయ లేని కొమ్మల నుంచి, మనిషి భుజమెత్తులో, చెట్టుకు నాలుగు వైపులా కోయాలి. ఉదయం తొమ్మిది పదకొండు గంటల మధ్య కోయడం మంచిది. నైట్రేట్ రిడక్టేజ్ వెలుతురును బట్టి నడిచే ఎంజైము. తెల్లవారక ముందు కోసిన ఆకులో అది తక్కువగానే ఉంటుంది. పాముపొడ పురుగు తొలిచిన ఆకులు, గజ్జి మచ్చలున్నవి, చిరిగినవి వద్దు. గాయం తగిలినా తెగులు సోకినా పెరాక్సిడేజ్ దానంతట అదే పెరిగి మీ లెక్కను తలకిందులు చేస్తుంది.

ఈ మధ్యనే పిచికారీ చేసిన చెట్టు పరీక్షకు పనికిరాదు. బోర్డో మిశ్రమం కొట్టిన తోటలో ఆకుపై రాగి పేరుకుని ఉంటుంది కనుక రాగి లోపం గురించి ఆ ఆకు ఏమీ చెప్పదు.

కోసిన ఆకులను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఐసు ముక్కలున్న డబ్బాలో వేసుకోండి. ఐసుకు ఆకు నేరుగా తగలకూడదు. ఊరి నుంచి పట్నానికి బస్సులో తెచ్చేలోపు సంచి వేడెక్కితే ఎంజైములు చెడిపోతాయి. అదే రోజు పరీక్షించాలి.

మొత్తం ధాతువుల విశ్లేషణ కూడా చేయించదలచినవారు దానికి వేరే ఆకులు తీయాలి. నాలుగు నుంచి ఆరు నెలల వయసున్న, కాయ లేని కొమ్మల ఆకులకు ఫ్లోరిడాలో నారింజ జాతి తోటల కోసం వాడే ప్రమాణాల ప్రకారం పొడి ఆకులో ఇనుము 60–120 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), జింకు 25–100 పీపీఎం, మాంగనీసు 25–100 పీపీఎం, మెగ్నీషియం 0.30–0.49 శాతం ఉంటే తగినంత ఉన్నట్టు. ఇవి మన జిల్లాల కోసం కట్టిన లెక్కలు కావు. దారి చూపడానికి పనికొస్తాయి.

ఇంట్లో చేయదగిన నురగ పరీక్ష

కాటలేజ్ పని కంటికి కనిపించే తీరు నురగ. ఆకు రసంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కాటలేజ్ దానిని విడగొడుతుంది. బయటికొచ్చిన ఆక్సిజన్ సబ్బు నీటిలో నురగగా లేస్తుంది. నురగ ఎంత ఎత్తు లేస్తే కాటలేజ్ అంత చురుగ్గా ఉన్నట్టు.

కావలసినవి: మిరియాలు నూరుకునే చిన్న కల్వం, బంగారం తూచే చిన్న కాటా, ఒకే కొలతలున్న సన్నని గాజు గొట్టాలు ఏడు, మి.లీ. గుర్తులున్న సిరంజి, గిన్నెలు తోమే ద్రవసబ్బు, స్కేలు, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్. పెరాక్సైడ్ సీసాపై శాతం చదవండి. 6 శాతం అని ఉంటే సమానంగా మంచినీరు కలిపి 3 శాతానికి దించండి. తెరచి చాలాకాలమైన సీసా వద్దు. చర్మానికి తగిలితే తెల్లగా కాలుతుంది, కంటిలో పడితే ప్రమాదం; చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ముందుగా ఒక లీటరు చల్లని నీటిలో రెండు గ్రాముల వంటసోడా కలపండి. నిమ్మాకు రసం కొంత పుల్లన కనుక, సోడా లేకపోతే ఆ పులుపుకు కాటలేజ్ మందగిస్తుంది. ఆకు నడి ఈనెను తీసివేసి, మిగిలిన ఆకును కత్తెరతో సన్నగా తరిగి, సరిగ్గా ఒక గ్రాము తూచండి. ఐసుపై పెట్టిన కల్వంలో వేసి, 20 మి.లీ. సోడా నీటిని కొద్దికొద్దిగా పోస్తూ, ముక్కలు కనిపించకుండా నూరండి. ఇది ఓపికతో చేయవలసిన పని. ఒక ఆకును మెత్తగా, మరొకదాన్ని కచ్చాపచ్చాగా నూరితే పరీక్షకు అర్థం లేదు. పలుచని నూలుగుడ్డలో వడకట్టి, రసాన్ని ఐసులోనే ఉంచండి. నిమ్మాకులో ఫినాల్ పదార్థాలు ఎక్కువ. గాలి తగిలి రసం గోధుమరంగుకు తిరిగేకొద్దీ ఎంజైము కట్టుబడిపోతుంది, అందుచేత వడకట్టిన అరగంటలోపే పని ముగించాలి.

ఒక్కో గొట్టంలో 2 మి.లీ. రసం, ఒక చుక్క ద్రవసబ్బు వేసి నెమ్మదిగా తిప్పండి. తరువాత 2 మి.లీ. పెరాక్సైడ్‌ను సిరంజితో ఒక్కసారిగా వదిలి, గడియారం చూసి, ఐదు నిమిషాలకు నురగ ఎత్తును స్కేలుతో కొలవండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆకుకు మూడు గొట్టాలు, పసుపెక్కిన చెట్టు ఆకుకు మూడు గొట్టాలు పెట్టి సగటు తీసుకోండి. ఆ తరువాత మిగిలిన రసాన్ని పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, దానితో కూడా ఒక గొట్టం పెట్టండి. మరిగిన రసంలో ఎంజైము చచ్చిపోతుంది కనుక నురగ దాదాపు లేవకూడదు. లేచిందంటే మీ గొట్టాలో, నీరో, సబ్బో శుభ్రంగా లేవన్నమాట. మళ్లీ మొదటి నుంచి చేయాలి.

పసుపాకు నురగ పచ్చాకు నురగలో సగమో అంతకంటే తక్కువో ఉండి, ఆకు గుర్తులు కూడా ఇనుము వైపే చూపితే, ఇనుము లోపమన్న అనుమానం బలపడినట్టే. నురగ ఇంచుమించు సమానంగా ఉంటే ఇనుమును పక్కన పెట్టి మాంగనీసు, జింకుల వైపు చూడండి. ఈ పరీక్ష ఒంటరిగా తీర్పు చెప్పదు. బాగా ముదిరిన జింకు లోపంలో కూడా ఆకు మొత్తంగా నీరసించి కాటలేజ్ కొంత తగ్గవచ్చు.

ప్రయోగశాల ఉన్నవారికి

ద్రవం వెలుతురును ఎంత పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే పెరాక్సిడేజ్‌తో మొదలుపెట్టండి. ఆకును పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.0 వద్ద నిలిపి ఉంచే ఫాస్ఫేట్ బఫర్ ద్రావణంలో, కరగని పీవీపీ కొద్దిగా కలిపి, ఐసుపై నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని తీసుకోండి. పీవీపీ ఫినాల్ పదార్థాలను పట్టి ఉంచుతుంది. నిమ్మాకు విషయంలో దీనిని వదిలేయడం కుదరదు. గ్వాయకాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన తరువాత ద్రవం ఇటుకరంగుకు తిరిగే వేగాన్ని 470 నానోమీటర్ల వద్ద కొలవాలి. అదే రసంలో కాటలేజ్‌ను 240 నానోమీటర్ల వద్ద పెరాక్సైడ్ తరిగిపోయే వేగంతో కొలవవచ్చు. ఫలితాన్ని ఆకు గ్రాముకూ, ప్రొటీను మిల్లీగ్రాముకూ రెండు విధాలా లెక్కించండి. పసుపాకులో ప్రొటీనే తక్కువగా ఉంటే ఒక్క లెక్కతో పొరబడతారు.

కాటలేజ్, పెరాక్సిడేజ్ రెండూ తగ్గితే ఇనుము. పెరాక్సిడేజ్ తగ్గకపోగా పెరిగి ఉంటే మాంగనీసు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే పసుపాకు నుంచి బిళ్లలు కోసి, సగం బిళ్లలను మామూలు నీటిలో, సగం పలుచని ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంలో ఉంచి, మరుసటి రోజు రెండింటిలోనూ పెరాక్సిడేజ్ కొలవాలి. ఇనుము అందిన బిళ్లల్లో ఆకు పచ్చబడటానికి ముందే ఎంజైము పెరుగుతుంది. రంగు కోసం రెండు వారాలు వేచి ఉండనక్కరలేకుండా జవాబు చెప్పే పరీక్ష ఇది. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే విలువైనది కూడా ఇదే.

జింకు కోసం కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్‌ను చూడాలంటే ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఐసుపై ఉన్న బఫర్‌లో బ్రోమోథైమాల్ బ్లూ కలిపి, ఆకు రసం వేసి, కార్బన్ డయాక్సైడ్‌తో నింపిన చల్లని నీరు పోసి, నీలం రంగు పసుపుకు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడటమే. రసం లేకుండా ఒకసారి, రసంతో ఒకసారి చేసి తేడా తీసుకోండి. అంతా చలిలోనే జరగాలి. వేడిలో ఈ చర్య ఎంజైము లేకుండానే త్వరగా జరిగిపోతుంది.

నత్రజని, మాలిబ్డినం లోపాలకు నైట్రేట్ రిడక్టేజ్ చక్కగా పనికొస్తుంది. ఆకు బిళ్లలను పీహెచ్ 7.5 ఫాస్ఫేట్ బఫర్‌లో పొటాషియం నైట్రేట్, కొద్దిగా ప్రొపనాల్ కలిపి, చీకటిలో 30 డిగ్రీల వద్ద ఉంచి, బయటికి వచ్చిన నైట్రైటును సల్ఫనిలమైడ్, ఎన్‌ఈడీడీ అనే రసాయనాలు కలిపి గులాబీ రంగు తెప్పించి, 540 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ముందురోజు నైట్రేట్ ద్రావణంలో నానబెట్టిన బిళ్లల్లో ఎంజైము బాగా పెరిగితే చెట్టుకు నత్రజని చాలడం లేదు. నైట్రేట్‌కు పెరగక, మాలిబ్డినం కూడా ఇచ్చినప్పుడే పెరిగితే లోపించింది మాలిబ్డినం.

సగం ఆకుకు పూత

ప్రయోగశాల లేని రైతుకు ఇది ఆఖరి పరీక్ష. పిచికారీ ఖర్చుకు ముందు తప్పక చేయవలసినది. పసుపెక్కిన చెట్టులో కొత్త చిగురున్న కొమ్మలను ఎంచి, వాటికి వేర్వేరు రంగుల దారాలు కట్టండి. 100 మి.లీ. నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అర గ్రాము, నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం) చిటికెడు కలిపి ఒక ద్రావణం. జింకు సల్ఫేట్ అర గ్రాము, పొడి సున్నం పావు గ్రాము కలిపి తేర్చినది ఒకటి. మాంగనీసు సల్ఫేట్ పావు గ్రాముతో ఒకటి. ముదురాకుల్లో పసుపు ఉంటే మెగ్నీషియం సల్ఫేట్ ఒక గ్రాముతో మరొకటి. అన్నిటిలో ఒక్కో చుక్క ద్రవసబ్బు. నిమ్మఉప్పు లేకపోతే అన్నభేది కొద్దిసేపటికే తుప్పురంగుకు తిరిగి ఆకుకు అందకుండా పోతుంది. కలిపిన వెంటనే వాడండి.

సాయంత్రం వేళ, మెత్తని కుంచెతో, నడి ఈనెకు ఒక వైపు మాత్రమే అడుగున పూయండి. రెండో వైపును అలాగే వదిలేయండి. పది పదిహేను రోజులకు పూసిన సగం పచ్చబడి, పూయని సగం పసుపుగానే ఉంటే జవాబు మీ కళ్ల ముందున్నట్టే. ఇనుము లోపమైతే చుక్క పడినచోట పడినట్టుగా పచ్చని మచ్చలు తేలుతాయి. జింకు లోపంతో ముందే మిరపాకంత చిన్నదైపోయిన ఆకు పూతతో పెరగదు, రంగు మాత్రమే మారుతుంది. పరిమాణం చూడాలంటే తరువాతి చిగురు దాకా ఆగాలి.

తేలిన తరువాత

జింకు, మాంగనీసు, మెగ్నీషియం లోపాలకు ఆకులపై పిచికారీ బాగా పనిచేస్తుంది. లోపాలు కలిసి ఉన్న తోటలకు మన రాష్ట్రంలో చాలాకాలంగా సిఫారసు చేస్తున్న మిశ్రమం లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీసు సల్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 2, ఫెర్రస్ సల్ఫేట్ 2, బోరాక్స్ 1, సున్నం 6, యూరియా 10 గ్రాములు. దీనిని కొత్త చిగురు విచ్చుకుంటున్న జనవరి–ఫిబ్రవరి, జూన్–జులై నెలల్లో చల్లదనం ఉన్న వేళ చల్లుతారు. సున్నం, సల్ఫేట్లు వేర్వేరుగా కరిగించి ఆఖరున కలపాలి. ఒకే ధాతువు లోపమని తేలితే ఈ మిశ్రమమంతా అక్కరలేదు; ఆ ఒక్కటీ చాలు.

ఇనుముకు పిచికారీ తాత్కాలికం. తడిసిన ఆకు పచ్చబడుతుంది గాని తరువాత వచ్చే చిగురు మళ్లీ పసుపెక్కుతుంది, ఎందుకంటే వేరు దగ్గరి కారణం అలాగే ఉంది. నీరు నిలిచే పాదులకు కాలువ తీయండి, భాస్వరపు ఎరువు తగ్గించండి, మాగిన గెత్తం (పశువుల ఎరువు) పాదుకు దండిగా వేయండి. సున్నపు ఇసుకలో చీలేటెడ్ ఇనుము, అంటే వేరొక పదార్థంతో పట్టి ఉంచి కరిగే రూపంలో నిలిపిన ఇనుము, వేయదలిస్తే ఈడీడీహెచ్‌ఏ రూపంలో ఉన్నదే కొనండి. క్షార నేలలో ఈడీటీఏ రూపం త్వరగా విడిపోయి డబ్బు మట్టిపాలవుతుంది. పీహెచ్ ఎంతో తెలియకుండా ఇందులో ఏదీ వేయవద్దు. నేలను, బోరు నీటిని భూసార పరీక్షా కేంద్రంలో చూపించండి, లేదా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ఆమ్ల నేలలో మాలిబ్డినం లోపమైతే లీటరుకు పావు గ్రాము సోడియం మాలిబ్డేట్ చాలు. మోతాదు మించనివ్వవద్దు.

మందు వేసిన తరువాత నురగ పరీక్ష మళ్లీ చేయండి. ఇనుము అందిన చెట్టులో కొత్త ఆకు నురగ పచ్చాకు నురగకు దగ్గరవుతుంది. పిచికారీ సరిగా చేసి, నీరు తీసి, నెల గడిచినా నురగ పెరగకపోతే పాదు అంచున జానెడు లోతు తవ్వి పీచువేళ్లను చూడండి. వేలితో లాగితే పైతొక్క ఊడి, లోపలి దారం మాత్రమే చేతిలో మిగిలితే అది వేరుకుళ్లు. ఆ చెట్టుకు ధాతువులు చల్లడం ఆపి, ముందు వేరుకుళ్లుకు చికిత్స చేయాలి.